డార్విన్ నుంచి బ్రూమ్ దాకా: పాప కొలతలతో కట్టిన వ్యాను

మార్చి, డార్విన్

ఆస్ట్రేలియా ఉత్తర కొసన మేముండే డార్విన్ నుంచి వాయవ్య తీరంలోని బ్రూమ్ దాకా పాపతో వెళ్లడానికి, పడకా వంటా ఉన్న బండిగా మార్చబోయే వ్యాను ఇంటికి వచ్చింది. టొయోటా హైఏస్, డీజిల్ బండి, రెండో వరుస సీటు తయారీలోనే బిగించి వచ్చినది. ఈ రెండో వరుస కోసమే ఇన్నాళ్లు వెతికాను. సరుకులు మోసే వ్యాన్లు చౌకగా దొరుకుతాయి, లోపల జాగా కూడా ఎక్కువ. కానీ ఆస్ట్రేలియాలో పిల్లల సీటుకు నడుము దగ్గరి బెల్టు ఒక్కటే చాలదు, వెనక నుంచి లాగి కట్టే పై పట్టీ కూడా ఉండాలి. ఆ పట్టీ కొక్కేన్ని తగిలించే చోటు చాలా సరుకుల వ్యాన్లలో ఉండదు. తర్వాత పెట్టించుకుందామంటే ఇంజనీరు పరీక్ష, ధ్రువపత్రం, వాటి ఖర్చు. పైగా వెనక వరుస ఉన్న బండిలో నాలుగు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలను మామూలుగా ముందు కూర్చోబెట్టకూడదు. మా అమ్మాయికి ఐదో ఏడు నడుస్తోంది. అందుకే పరుపు, పొయ్యి, ఫ్రిజ్ సంగతి తర్వాత చూద్దామనుకుని ముందు సీటు సంగతి తేల్చుకున్నాను.

దారి ఇదీ. డార్విన్ నుంచి స్టువర్ట్ హైవే మీద దక్షిణంగా క్యాథరిన్ దాకా, అక్కడ పడమరకు తిరిగి విక్టోరియా హైవే మీద కునునర్రా, ఆ పైన కింబర్లీ ప్రాంతం మీదుగా సముద్రతీరంలో బ్రూమ్. మొత్తం 1,870 కిలోమీటర్లకు అటూ ఇటూ. హైదరాబాదు నుంచి కాశీ వెళ్లి మళ్లీ వెనక్కి సగం దూరం వచ్చినంత. కాకపోతే మధ్యలో ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా ఆవిడకు ఆసుపత్రి డ్యూటీల వల్ల అన్ని రోజుల సెలవు దొరకదు. తను బ్రూమ్‌కు విమానంలో వచ్చి కలుస్తుంది. దారి పొడవునా పాపా, నేనూ ఇద్దరమే.

ఈ ఉత్తరాది ఉష్ణమండలంలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, మే నుంచి అక్టోబరు దాకా పొడికాలం. వానల్లో వాగులు పొంగి రోడ్లు మూసుకుపోతాయి. కాబట్టి వానలు ఉండగానే షెడ్డు కింద పని ముగించి, జూన్‌లో బయలుదేరాలి.

వ్యాను బొమ్మ గీయకముందు పాపను గోడకు ఆనించి నిలబెట్టి కొలతలు తీసుకున్నాను. ఎత్తు 107 సెంటీమీటర్లు. చెయ్యి పైకి చాపితే అందేది 128. సునాయాసంగా ఎక్కగల మెట్టు 20. ఈ మూడు అంకెలనూ షెడ్డు గోడ మీద పెద్దగా రాశాను. పిల్లలతో ఇలాంటి ప్రయాణం చేసి వచ్చినవాళ్లు చెప్పిన మాటల్లో నాకు బాగా పట్టినది ఒకటుంది. మజిలీలో పెద్దవాళ్లకు చేతినిండా పని ఉంటుంది, పిల్లలకు మాత్రం ఎదురుచూడటమే పని. నీళ్లు కావాలంటే ఎదురుచూపు, టార్చి కావాలంటే ఎదురుచూపు, చెప్పులు కావాలంటే ఎదురుచూపు. తన వస్తువు తనకు తానుగా తీసుకోగలిగితే ఆ పిల్లకు ఈ బండి తనది అనిపిస్తుంది. నా పనంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరగాలని నిర్ణయించుకున్నాను.

ఏప్రిల్, చెక్క పని

గోడల రేకులకూ, పైకప్పు రేకుకూ లోపలి వైపు పాలిస్టర్ దూది పరిచి, మీద పలకలు బిగించాను. గాజు దూది పిల్ల పడుకునే చోట వద్దనుకున్నాను. పైకప్పుకు మాత్రం దూది మీద వెండిరంగు రేకుకాగితం, దానికీ పలకకూ మధ్య వేలెడు ఖాళీ. ఇక్కడి ఎండ నడినెత్తిన దిగుతుంది కాబట్టి పక్క గోడల కన్నా పైకప్పు మీద పెట్టే శ్రమకే ఫలితం ఎక్కువ. పైకప్పుకు రంధ్రం కోసి, గాలిని లోపలికీ బయటికీ తిప్పగల ఫ్యాను బిగించాను. కొత్త బండి పైకప్పును రంపంతో కోయడానికి గుండె దిటవు చేసుకోవాల్సి వచ్చింది. కోసిన అంచుకు తుప్పు పట్టకుండా రంగు, దాని మీద సీలెంటు, ఆ రాత్రే దంచికొట్టిన వాన. పొద్దున్న వేలు పెట్టి తడిమితే లోపల పొడిగా ఉంది.

మంచం నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు, కింద అంతా సామాను. పాప పడుకునేది పక్క తలుపు వైపు. తన తల దగ్గర నొక్కితే వెలిగే చిన్న దీపం, గుడ్డ సంచీ అర, నీళ్ల సీసా దూర్చే ఉంగరం, అన్నీ పడుకుని చెయ్యి చాపితే అందేంత దూరంలోనే. తన బట్టలు, బొమ్మలు, రంగు పెన్సిళ్ల అరలు 90 సెంటీమీటర్ల లోపు. నా సామాను పైన.

45 సెంటీమీటర్లు తనకు ఒక్క అడుగులో ఎక్కే ఎత్తు కాదు. అందుకే పీట చేశాను. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఎత్తు సరిగ్గా 20, మధ్యలో చెయ్యి దూరే కన్నం, అంచులన్నీ గుండ్రంగా. గరుకు కాగితంతో నునుపు చేసే పని మొత్తం పాపే చేసింది. అరచేత్తో రాసి చూసి, ఎక్కడ గరగరమంటే అక్కడ మళ్లీ రుద్దింది. పై పలక మీద రంగు పెన్సిళ్లతో ఒక చేప, ఒక వాన మబ్బు, ఒక గుండ్రటి వ్యాను గీసింది. దాని మీద వార్నిషు పూశాను. వ్యానులోకి ఎక్కడానికి మెట్టు, బయట కూర్చోవడానికి ఆసనం, చేతులు కడుక్కోవడానికి ఎత్తు, అన్నిటికీ అదే. దాన్ని దింపడం, ఎక్కించడం తన బాధ్యత. నేను చేసిన చెక్క పని మొత్తంలో ఎక్కువగా వాడేది ఈ పీటే అవుతుందని ఇప్పుడే తెలిసిపోతోంది.

ఏప్రిల్ చివర, కరెంటు, నీళ్లు, పొయ్యి

కరెంటు లెక్క రాసి పెడుతున్నాను, ఇలాంటి పని తలపెట్టినవాళ్లకు పనికొస్తుంది. 12 వోల్టుల ఫ్రిజ్ కంప్రెసరు తిరిగేటప్పుడు దాదాపు 4 ఆంపియర్లు లాగుతుంది. ఈ వేడికి సగం సేపు తిరుగుతూనే ఉంటుందనుకుంటే రోజుకు 45 నుంచి 50 ఆంపియర్ అవర్లు. రాత్రంతా ఫ్యాను మెల్లగా తిరిగితే ఇంకో 10. దీపాలు, ఫోన్లు కలుపుకుంటే 60 దాటుతుంది. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో 80 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్, పొడికాలం నీలాకాశం కింద, ఇంచుమించు ఒక రోజు వాడకాన్ని తిరిగి నింపుతుంది. బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటరు నుంచి 25 ఆంపియర్ల చార్జరు అదనం. రెండు గంటలు నడిపితే మిగతా లోటు తీరిపోతుంది.

బ్యాటరీని మంచం కింద గాలి ఆడని చోట పెట్టవద్దని ఆటో ఎలక్ట్రీషియను గట్టిగా చెప్పాడు. పడుకునే చోటికి సంబంధం లేకుండా మూసి, గాలి బయటికే పోయేలా వేరే పెట్టె కట్టాం. ఫ్యూజు బ్యాటరీ మొన పక్కనే. పిల్ల నిద్రపోయే బండిలో ఈ విషయాల మీద రాజీ పడకూడదు.

పొయ్యి వెనక తలుపు దగ్గర సొరుగులా బయటికి వస్తుంది. లోపల గ్యాసు గొట్టాలు వేయాలంటే లైసెన్సు ఉన్న మనిషే వేయాలి. నేను దాని జోలికి పోకుండా, చిన్న గ్యాసు డబ్బాతో నడిచే ఒంటి పొయ్యి తీసుకున్నాను. వంట ఎప్పుడూ బయటే. మూసిన బండిలో పొయ్యి వెలిగిస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. మూడు లీటర్ల కుక్కర్ ఒకటి, మూకుడు ఒకటి, పోపుల పెట్టె ఒకటి. నానబెట్టిన పప్పు నాలుగు కూతలకు దిగిపోతుంది, గ్యాసూ నీళ్లూ రెండూ ఆదా.

నీళ్లకు 20 లీటర్ల డబ్బాలు రెండు, కుళాయి ఉన్న 10 లీటర్లది ఒకటి. కుళాయి నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున. పాప సీసాకు మూడు రబ్బరు బ్యాండ్లు వేశాను. మొదటి ఆగే చోటికి మొదటి బ్యాండు దాకా తాగాలి, అన్నం వేళకు రెండోది, సాయంత్రానికి మూడోది. దాహం వేస్తోందని పిల్లలు చెప్పేసరికి ఆలస్యమవుతుంది, అందుకే ఈ గుర్తులు.

మే, లిచ్‌ఫీల్డ్‌లో పరీక్ష

వానలు వెళ్లిపోయాయి. ఇంటికి గంటన్నర దూరంలోని లిచ్‌ఫీల్డ్ జాతీయ ఉద్యానంలో బండిని పరీక్షించాం. ఈత కోసం బ్యూలీ రాక్‌హోల్ దగ్గర ఆగాం. పెద్ద మడుగులను వానాకాలం తర్వాత అటవీ సిబ్బంది మొసళ్ల కోసం గాలించి, తేల్చి చెప్పేదాకా ఈతకు తెరవరు. అక్కడి బోర్డు ముందు నిలబడి పాపకు నియమం చెప్పాను. నీళ్లు కనిపిస్తే నాన్న చెయ్యి పట్టుకోవాలి, బోర్డు చదవకముందు అంచుకు పోకూడదు. ఉప్పునీటి మొసలి పేరుకే ఉప్పునీటిది, సముద్రానికి చాలా దూరంలోని నదుల్లో, మంచినీటి మడుగుల్లో కూడా ఉంటుంది. 1971లో ఈ ప్రాంతంలో వేటను నిషేధించాక వాటి సంఖ్య బాగా పెరిగింది.

ఈ మజిలీలో నాకు అసలు పాఠం చెప్పినవి చెదపుట్టలు. లిచ్‌ఫీల్డ్‌లో ఒక మైదానం నిండా సమాధి రాళ్ల వరసలా పల్చటి పుట్టలు నిలబడి ఉంటాయి. అన్నిటి పల్చటి అంచులూ ఉత్తర దక్షిణాలకే. పొద్దున, సాయంత్రం ఎండ వెడల్పు ముఖాల మీద పడి పుట్ట వెచ్చబడుతుంది, మధ్యాహ్నం మండే ఎండకు సన్నటి అంచు మాత్రమే ఎదురవుతుంది. అందుకే లోపలి వేడి ఒక తీరున నిలుస్తుంది. పాప చేతులు రెండూ చాపి, ముఖం తూర్పుకు తిప్పి పుట్టలా నిలబడింది.

ఆ సాయంత్రం వ్యానును ఎటు తిప్పి నిలపాలో కాగితం మీద గీసుకున్నాను. మన దగ్గర చలికాలం మధ్యాహ్నపు ఎండ దక్షిణం నుంచి పడుతుంది. ఇక్కడ జూన్, జూలై నెలల్లో సూర్యుడు రోజంతా ఉత్తరం వైపే ఉంటాడు. బండి ముక్కు పడమరకు పెడితే, ఎడమ పక్కనున్న జరుపుడు తలుపు దక్షిణానికి వస్తుంది. అంటే తలుపు ముందు తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా నీడ. పడమటి ఎండ ముందు అద్దం మీద పడుతుంది, దానికి వెండిరంగు తెర వేస్తే సరి. మర్నాడు అలా నిలిపి చూస్తే, తలుపు ఉత్తరానికి పెట్టిన రోజుకూ దీనికీ లోపల ఐదు డిగ్రీల దాకా తేడా వచ్చింది. ఫ్రిజ్ తిరిగే చప్పుడు కూడా తగ్గింది. దిక్సూచిని పాప సీటు పక్కనే అతికించాను. ఎక్కడ ఆగినా "ముక్కు పడమర" అని తనే చూసి చెప్పాలి.

రాత్రి మరుగుదొడ్డిలో ఆకుపచ్చ చెట్టుకప్ప కనిపించింది. ఉత్తరాది మజిలీల్లో తొట్టి అంచు కింద ఇవి హాయిగా కాపురం ఉంటాయి. పాప వెళ్లనంది. మూత ఉన్న చిన్న కమోడు డబ్బా అప్పుడే జాబితాలోకి ఎక్కింది. ఆ వారంలోనే కొని, మంచం కింద సొరుగులో దానికి చోటు చేశాను. చిన్న పిల్లలతో ఈ తోవ పట్టేవాళ్లు దీన్ని మొదటి రోజే కొనుక్కోవడం మంచిది.

జూన్, స్టువర్ట్ హైవే

బయలుదేరాం. రోజుకు మూడు గంటలకు మించి నడపను, సూర్యుడు వాలాక అసలు నడపను. సంధ్యవేళ కంగారూలు, కంచెలు లేని పశువులు రోడ్డెక్కుతాయి. ఈ దారిలో కొన్ని చోట్ల వేగపరిమితి గంటకు 130 కిలోమీటర్లు. మేం 90 దాటలేదు. డీజిల్ కూడా తక్కువ తాగింది.

రోడ్డు రైళ్లంటే పాపకు పండగే. ఒక లారీ ఇంజను వెనక వరుసగా ట్రెయిలర్లు, పొడవు 53.5 మీటర్ల దాకా. అవి ఎదురొస్తే గాలి తోపుకు వ్యాను ఊగుతుంది. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, ఎడమ అంచుకు జరిగి, దాన్ని పోనివ్వాలి. బండిలోని యూహెచ్‌ఎఫ్ రేడియోను (బళ్లవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది) 40వ చానెల్‌లో పెట్టుకుంటే లారీవాళ్ల మాటలు వినిపిస్తాయి. వెనక నుంచి వచ్చిన ఒక డ్రైవరుకు ముందు దారి ఖాళీగా ఉందని చెప్పాను. దాటి వెళ్లాక ఆయన కృతజ్ఞతలు చెప్పి, హారను కొట్టాడు. ఆ హారను గురించి పాప క్యాథరిన్ దాకా మాట్లాడుతూనే ఉంది.

ఊళ్లు దాటితే ఫోనుకు సంకేతాలు ఉండవు. అందుకని ఉపగ్రహానికి ప్రమాద సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ పరికరాన్ని నమోదు చేయించి, డ్రైవరు తలుపు జేబులో పెట్టాను. దాన్ని ఎలా నొక్కాలో పాపకు కూడా నేర్పాను. నాకు స్పృహ తప్పితే నొక్కాల్సింది తనే.

క్యాథరిన్

ఫోను పలికింది. హైదరాబాదు నుంచి మా అమ్మ.

"ఏరా నాన్నా, అన్నం తింటోందా పిల్ల? ఆ ఎడారిలో ఇద్దరే ఎలా ఉంటున్నారురా?"

"ఎడారి కాదమ్మా, అంతా చెట్లే. ఇదిగో, తనతోనే మాట్లాడు."

"నానమ్మా, నా పీట చూశావా?" అని ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తింది. మా అమ్మకు ముందు చేప, తర్వాత మబ్బు, తర్వాత గుండ్రటి వ్యాను, చివరికి పీట కింద నా స్క్రూల తలలు కూడా కనిపించాయి. తర్వాత అమ్మ గొంతులో భయం తగ్గింది.

జూన్‌లో ఇక్కడ రాత్రులు చల్లగా ఉంటాయి. డార్విన్ ఉక్కకు అలవాటైన పిల్లకు దుప్పటి, మేజోళ్లు కావలసి వచ్చాయి. ఫ్యాను ఆపేస్తే గాజు మీద చెమ్మ పట్టింది. దాంతో పైకప్పు మూతను రెండు వేళ్ల సందు తెరిచి పడుకున్నాం.

ఊళ్లోనే ఆకాశవాణి బడి ఉంది, క్యాథరిన్ స్కూల్ ఆఫ్ ది ఎయిర్. 1966లో మొదలైంది. వందల కిలోమీటర్ల దూరంలోని పశువుల క్షేత్రాల్లో పెరిగే పిల్లలకు అప్పట్లో రేడియోలో పాఠాలు చెప్పేవారు, ఇప్పుడు ఉపగ్రహ ఇంటర్నెట్‌లో చెబుతున్నారు. ఒంటరి ఇళ్లలో పెరిగే పిల్లలకు రోజూ గొంతు వినిపించే టీచరు ఉండటం ఎంత గొప్ప ఏర్పాటో ఈ దూరాలు నడిపితే గాని అర్థం కాదు. నిట్మిలుక్ లోయకు కూడా వెళ్లాం. 1989లో ఇక్కడి ఆదివాసులైన జావోయిన్ ప్రజలకు తిరిగి దక్కిన నేల అది. పడవలో పాప నిద్రపోయింది. నేను రాతి గోడల మీద ఎండ కదలడం చూస్తూ కూర్చున్నాను.

విక్టోరియా హైవే

క్యాథరిన్ నుంచి విక్టోరియా రివర్ రోడ్‌హౌసుకు 194 కిలోమీటర్లు, అక్కడి నుంచి టింబర్ క్రీక్‌కు 91, ఆపైన కునునర్రాకు 226. ఈ మూడు చోట్లే డీజిల్. 70 లీటర్ల ట్యాంకు ఉన్న మా బండికి ఇబ్బంది లేదు, అయినా ప్రతిచోటా నింపాను.

దారి పక్కన గడ్డి తగలబడుతోంది. పొగ మీద నల్ల గద్దలు గుంపుగా తిరుగుతూ, మంటకు జడిసి బయటపడే మిడతలను, బల్లులను పట్టుకుంటున్నాయి. "నాన్నా, ఎవరు అంటించారు?" అని అడిగింది. పొడికాలం మొదట్లో, గడ్డిలో ఇంకా పచ్చి ఉండగా, ఇక్కడి ఆదివాసులు తరతరాలుగా చిన్న చిన్న మంటలు పెడతారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పెద్ద కార్చిచ్చు రాకుండా అవి అడ్డుపడతాయి. ఇప్పుడు ఆదివాసీ రేంజర్లు ఆ పద్ధతిని హెలికాప్టర్లతో కూడా కొనసాగిస్తున్నారు. పొగ ఉన్నంత మేర గాలి రంధ్రాలు మూసి నెమ్మదిగా దాటాం.

టింబర్ క్రీక్ దగ్గర బోఅబ్ చెట్లు మొదలయ్యాయి. ఉబ్బిన మాను, పొడికాలంలో ఆకు లేని కొమ్మలు. 1855, 1856 సంవత్సరాల్లో ఇక్కడ విడిది చేసిన అగస్టస్ గ్రెగరీ అన్వేషక బృందం ఒక బోఅబ్ మీద చెక్కిన తేదీ ఇప్పటికీ చదవవచ్చు, 2 జూలై 1856. ఆ చెట్టు ఇక్కడి ఆదివాసులకు అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ పవిత్రం. అది తాకి ఆడుకునే చెట్టు కాదని పాపకు చెప్పాను. తను చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగింది. గోల్కొండ నయాకిలాలో ఉన్న ఏనుగంత మాను ఉన్న చెట్టు ఈ వంశానిదే, అది ఆఫ్రికా జాతి. నానమ్మ ఇంటికి వెళ్లినప్పుడు చూపిస్తానని మాట ఇచ్చాను.

కీప్ రివర్, సరిహద్దుకు ముందు రాత్రి

పశ్చిమ ఆస్ట్రేలియాలోకి పచ్చి పండ్లు, కూరగాయలు, తేనె, విత్తనాలు, మొక్కలు తీసుకుపోనివ్వరు. తెగుళ్లు, పురుగులు రాకుండా సరిహద్దులో బండి వెతుకుతారు. అందుకే కీప్ రివర్ ఉద్యానంలో ఆగి, ఉన్నవన్నీ వండేశాను. ఉల్లిపాయలు, టమాటాలు, వంకాయలు, పచ్చిమిరపకాయలు అన్నీ మూకుడులోకి. టమాటా పచ్చడి నూనె తేలేదాకా మగ్గించి సీసాలో పెట్టాను. ఇంటి పెరటి కరివేపాకును డార్విన్‌లోనే వేయించి పొడి కొట్టుకుని వచ్చాను. పాప పీట ఎక్కి వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేసింది. మర్నాడు తనిఖీలో ఉన్నది ఉన్నట్టు చెప్పి, అన్ని డబ్బాలూ తెరిచి చూపించాను. పోపుల పెట్టెను అధికారిణి ఆసక్తిగా చూసి, మూత వేసి ఇచ్చింది. మిగిలిన ఒక్క నిమ్మకాయను పాప తనే తీసుకెళ్లి అక్కడి చెత్త డబ్బాలో వేసింది.

ఇక్కడ బండికి అసలు పరీక్ష జరిగింది. ఉద్యానంలోకి వెళ్లే కంకర రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. ఆ అదురుకు పాప బట్టల అర తలుపు కీలు స్క్రూలు వదులయ్యాయి. వాటిని తీసేసి, నైలాను పట్టు ఉన్న నట్లతో బోల్టులు బిగించాను. వెనక తలుపు నుంచి ఎర్ర దుమ్ము లోపలికి వచ్చింది. నడిచే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఆ ఖాళీ దుమ్మును పీలుస్తుంది. వచ్చేటప్పుడు ముందు గాలి పంకాను గట్టిగా తిప్పి, వెనక కిటికీలన్నీ మూసి నడిపాను. లోపలి గాలి బయటికి నెట్టుకొస్తుంటే దుమ్ము సగానికి తగ్గింది. మిగిలిన సగానికి తలుపు రబ్బరు మార్చాలి.

కునునర్రా

సరిహద్దు దాటగానే గడియారం గంటన్నర వెనక్కి. పిల్ల ఆకలికి మాత్రం గడియారంతో పని లేదు. జూన్‌లో ఇక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. అందుకే గడియారం చూడటం మానేసి ఎండనే చూసుకున్నాం. తెల్లవారగానే లేవడం, పది లోపు నడపడం ముగించడం, మూడున్నరకు కుక్కర్ పెట్టడం, చీకటి పడేసరికి పడక.

1972లో ప్రారంభమైన ఆర్డ్ నది ఆనకట్టతో ఏర్పడిన ఆర్గైల్ సరస్సు నీళ్లు ఇక్కడి పొలాలకు పారుతాయి. దారి పక్కన మన శ్రీగంధం తోటలు కనిపించాయి, ఎకరాలకు ఎకరాలు, వరసలు వరసలుగా. శ్రీగంధం చెట్టు పక్క మొక్కల వేళ్ల నుంచి ఆహారం పీల్చుకుని బతుకుతుంది, అందుకే తోటలో దానికి తోడు మొక్కలు నాటుతారు. ఇంట్లో దేవుడి దగ్గర ఉండే గంధపు చెక్క ఈ చెట్టుదేనని చెబితే పాప ఆకు వాసన చూసింది. గంధం వాసన ఆకులో ఉండదు, మానులో ఉంటుంది. నిరాశపడింది.

హాల్స్ క్రీక్ నుంచి ఫిట్‌జ్‌రాయ్ క్రాసింగ్ దాకా

ఎక్కువగా నడపడమే. హాల్స్ క్రీక్‌కు ముందే చీలి, రాతి గుమ్మటాలున్న పుర్నులులు ఉద్యానానికి వెళ్లే 53 కిలోమీటర్ల మట్టి బాట నాలుగు చక్రాలకూ శక్తి అందే బళ్లకే. మాది అలాంటిది కాదు, హైవే మీదే సాగాం. పాట, కథ, చిత్రాల పుస్తకం, నిద్ర, మళ్లీ కథ. రబ్బరు బ్యాండ్ల పద్ధతి ఇక్కడ బాగా అక్కరకొచ్చింది, ఈ పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు.

ఫిట్‌జ్‌రాయ్ క్రాసింగ్‌లో కొత్త వంతెన మీదుగా దాటాం. 2023 జనవరిలో తుపాను శేషంగా వచ్చిన వరద పాత వంతెనను కూల్చేసింది, అదే ఏడు డిసెంబరుకు కొత్తది తెరిచారు. దగ్గర్లోని డాంగు గీకీ లోయలో నది గోడలు కింద తెల్లగా, పైన ఎర్రగా ఉంటాయి. ఏటేటా వరద నీళ్లు కడిగిన మేర తెలుపు. ఈ గోడలు 35 కోట్ల ఏళ్లకు పైబడిన పగడపు దిబ్బలు, ఒకప్పుడు సముద్రం కింద ఉన్నవి. పాప తల పూర్తిగా వెనక్కి వాల్చి తెల్ల గీత ఎక్కడ ఆగిందో చూసి, "నీళ్లు అక్కడిదాకా వస్తే మన వ్యాను ఎక్కడ ఉంటుంది?" అని అడిగింది. వానాకాలంలో మనం ఇంటి దగ్గరే ఉంటామని చెప్పాను. ఈ ప్రయాణం గురించి నేను చెప్పగల జాగ్రత్తల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా అదే.

బ్రూమ్

మా ఆవిడ విమానం దిగింది. పాప వాళ్లమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ముందు పీట వేసి, తర్వాత లోపలికి ఎక్కించి, దీపం, సంచీ అర, సీసా ఉంగరం, దిక్సూచి వరసగా చూపించింది. చివరికి ఉపగ్రహ పరికరం ఎలా నొక్కాలో కూడా చెప్పింది.

తిరుగు ప్రయాణం ముగ్గురం. దానికి ముందు చేయాల్సినవి రాసుకున్నాను. వెనక తలుపుకు బోలు రబ్బరు అంచు. జరుపుడు తలుపు దోమతెర అడుగున అయస్కాంతాలు చాలడం లేదు, సముద్రం పక్కన కొరుకుడు పురుగులు ఎక్కువ కాబట్టి ఇంకొన్ని కుట్టాలి. పీట కాళ్లకు రబ్బరు బిళ్లలు, పాతవి కంకరకు అరిగిపోయాయి. మంచం పక్కన కీలు మీద తెరుచుకునే 12 మిల్లీమీటర్ల రెక్క పలక ఒకటి, ముగ్గురికీ చోటు కావాలి కదా. రాత్రి పడుకుని చూశాక మా ఆవిడ తన వైపు దీపం లేదని చెప్పింది. తీగ సరిపడా ఉంది, రేపు పొద్దున్నే లాగాలి.